చుక్కదాని జాలీలో కుంటిది

లత ఎంచిన ట్యాంకును లత మొగుడే లారీలో తోలుకుపోతాడు. సూర్యాపేటలో జనగామ రోడ్డు మీదున్న ఆ కెమికల్ గోదాములో ఈ సంగతి అందరికీ తెలుసు. "మొగని మీద కోపమున్ననాడు ఏ ట్యాంకు ఎంచుతదో ఏమో, జర సూసుకో సతీషూ" అని ఏడిపిస్తుంటారు. సతీష్ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు. లతకు మాత్రం ఆ పరాచికం మొదటినుంచీ నచ్చలేదు. నవ్వడానికి వేరే సంగతులే దొరకనట్టు ఇదొకటా అని ఆమె మంట.

గోదాము ప్రేమ్‌కుమార్‌ది. వాళ్ళది మిర్యాలగూడలో తాతల నాటి వడ్ల వ్యాపారం. రైసుమిల్లు అన్న చేతిలో ఉంటే, తమ్ముడు ప్రేమ్‌కుమార్ సూర్యాపేటకు వచ్చి ఈ కొత్త వ్యాపారం పెట్టుకున్నాడు. యాసిడ్లు, బ్లీచింగ్ ద్రావణం పెద్ద ట్యాంకర్లలో తెప్పించి, వెయ్యి లీటర్ల ట్యాంకుల్లోకి నింపి, ఊళ్ళ నీటి పథకాలకూ ఫ్యాక్టరీలకూ పంపుతాడు. అలా పోయి ఖాళీగా తిరిగొచ్చిన ట్యాంకుల్లో ఏది మళ్ళీ యాసిడ్ మోయడానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చడం లత పని.

ఈ ట్యాంకులను మీరూ చూసే ఉంటారు. బయట ఇనుప జాలీ, లోపల తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, పైన మూత, కింద కుళాయి. ఇల్లు కట్టేవాళ్ళు నీళ్ళు పట్టుకోవడానికి పాతవి కొనుక్కుంటారు. నీళ్ళకు ఏదైనా ఒకటే. యాసిడ్ అంత మర్యాదస్తురాలు కాదు. ఇనుప పీపాలో పోస్తే ఇనుమునే తింటుంది. పోనీ ప్లాస్టిక్ అనుకుంటే, ఏ ప్లాస్టిక్ పడితే ఆ ప్లాస్టిక్‌లో ఆగదు. అందుకే పరీక్షలకు నిలిచి ముద్ర పడిన ట్యాంకుల్లోనే ఇలాంటి సరుకు మోయాలని నియమం. ఆ ముద్ర రెండుచోట్ల ఉంటుంది. ఒకటి జాలీకి బిగించిన రేకు మీద. రెండోది లోపలి డబ్బాకే, మూత పక్కన, ప్లాస్టిక్‌లో అచ్చుపోసి ఉంటుంది. చిన్న గడియారంలా గుండ్రంగా ఉండే ఆ అచ్చులో బాణం గుర్తు డబ్బా పుట్టిన నెలను చూపిస్తుంది. అక్కడినుంచి ఐదేళ్ళు. ఐదేళ్ళు నిండితే పైకి ఎంత మెరిసినా యాసిడ్ మోత దానికి ఖతం.

లత తుంగతుర్తి పక్క పల్లెలో గొర్రెల మంద మధ్య పెరిగిన మనిషి. తండ్రి నాగయ్య తన మందలోని ప్రతి గొర్రెనూ ముఖం చూసి పోల్చేవాడు. చూసేవాళ్ళకు అన్నీ ఒక్కలాగే కనపడేవి. ఆయనకు మాత్రం చుక్కది, బొల్లిది, కుంటిది, పొట్టిచెవులది అని దేని పేరు దానిదే. పక్క మందలో కలిసిపోయిన గొర్రెను కూడా దూరం నుంచే "అగో, మన బొల్లిది" అని పట్టుకొచ్చేవాడు. ఆ కన్ను బిడ్డకు కూడా వచ్చింది.

నాగయ్య దగ్గర ఇంకో విద్య కూడా ఉండేది. ఈనిన గొర్రెకు పిల్ల చచ్చిపోయి, ఇంకోచోట తల్లిలేని పిల్ల ఆకలికి అరుస్తుంటే, చచ్చిన పిల్ల తోలు ఒలిచి ఈ పిల్ల మీద కప్పేవాడు. తల్లి గొర్రె వచ్చి వాసన చూసి, తోలు తన పిల్లదే కాబట్టి, తన పిల్లే అనుకుని పాలు తాగనిచ్చేది. ఆ తోలు జారిపోకుండా పట్టుకుని కూర్చోవడం చిన్నప్పుడు లత పని. గొర్రెను మోసం చేస్తున్నామని మొదటిసారి ఏడ్చింది కూడా. "మోసం కాదు బిడ్డా, పిల్ల బతకాలె గద" అన్నాడు నాగయ్య.

ఇంటర్ అయ్యాక సూర్యాపేటలో డ్రైవర్ సతీష్‌తో పెళ్ళయింది. సతీష్ ప్రేమ్‌కుమార్ దగ్గర లారీ నడిపేవాడు. కూతురు అక్షిత బడికి పోయే వయసొచ్చాక లత కూడా అదే గోదాములో ఖాళీ ట్యాంకులు కడిగే పనికి కుదిరింది. ఒకరోజు ప్రేమ్‌కుమార్ తల్లి స్వరాజ్యలక్ష్మి గోదాముకు వచ్చి, ట్యాంకు మీది ఇంగ్లీషు రేకును కూడబలుక్కుంటూ చదువుతున్న లతను చూసింది. "చదువుకున్న పిల్లను కడిగే పనిలో పెట్టినవేందిరా? నీకేమన్నా తెలివుందా?" అని కొడుకును అందరి ముందే కడిగేసింది. ఆ వారమే లత ట్యాంకులు ఎంచే పనిలోకి మారింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన నేర్పిన పాఠాన్ని మనసు పెట్టి నేర్చుకుంది. అప్పటినుంచి స్వరాజ్యలక్ష్మి అంటే లతకు కన్నతల్లి తర్వాత తల్లి.

మూత తీసి వాసన చూడటం, లోపలికి టార్చి కొట్టడం, కుళాయి మెడ చుట్టూ బొటనవేలితో తడమటం, ఆఖరున రెండు ముద్రలూ చదివి ఒకదానితో ఒకటి సరిపోల్చడం. ఇదీ ఆమె వరస. చవగ్గా వస్తున్నాయని ప్రేమ్‌కుమార్ ఒకసారి తళతళలాడే ట్యాంకులు కొనుక్కొస్తే, వాటి డబ్బాల మీద అచ్చు గీకేసి ఉందని ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదు. "పైన పటారం, లోన లొటారం సేటూ. ఇవి నా మొగని లారీ ఎక్కయి" అంది. ప్రేమ్‌కుమార్ మొహం మాడ్చుకున్నా, వాటిని వెనక్కి పంపాడు.

తన తండ్రికీ అదే చట్టం. "గొర్లకు నీళ్ళు పెట్టుకుంట, పాత ట్యాంకొకటి ఇయ్యవే" అని నాగయ్య అడిగితే, యాసిడ్ మోసినదాంట్లో జీవాలకు నీళ్ళేంటని పొమ్మంది. ముసలాయన నెల రోజులు బిడ్డతో మాట్లాడలేదు.

ఇంత గట్టి మనిషికి ఒక బలహీనత పట్టుకుంది. దానికి పునాది పొగడ్త. పొగడ్తకు పడని మనిషి ఈ చుట్టుపక్కల ఊళ్ళలోనే లేడు లెండి. తండ్రి గొర్రెలకు పెట్టినట్టే లత ట్యాంకులకు పేర్లు పెట్టింది. జాలీ నుదుటి మీద తుప్పు చుక్క ఉన్నది చుక్కది. ఒక కాలు వంగినది కుంటిది. అన్నిటికన్నా కొత్తది పెళ్ళికూతురు. కొన్నాళ్ళకు రేకు చదవకముందే, ఇరవై అడుగుల దూరం నుంచే, ఏది ఏ ట్యాంకో, ఎప్పటిదో చెప్పేయసాగింది. ప్రేమ్‌కుమార్ వచ్చినవాళ్ళందరికీ ఇదొక వింతలా చూపించేవాడు. "మా లతకు రేకులతోటి పనిలేదు. మొఖం చూసి చెప్తది" అనేవాడు. లత మొహమాటపడేది. లోపల మాత్రం పొంగిపోయేది.

ఆ ఏడు దసరాకు నెల ముందు కుంటిదానికి ఐదేళ్ళు నిండాయి. గడువు తీరిన డబ్బాకు ఎవరూ మళ్ళీ వాడకుండా బొక్క కొట్టించడం లత పద్ధతి. అయితే గోదాములో ట్యాంకులు నింపే నగేష్ బతిమాలాడు. "అక్కా, దీన్ని ఖరాబు చెయ్యకు. ఎనకాల పెట్టి చేతులు కడుక్కుంటందుకు నీళ్ళు నింపుకుంటం." పడేయడానికి గొర్రెలకాపరి బిడ్డకు కూడా మనసొప్పలేదు. సరే అంది. కుంటిది షెడ్డు వెనక్కి చేరింది. ఆఖరు ట్రిప్పులో దాని కుళాయి మెడ దగ్గర సన్నటి పగులు పడింది, ఎంత బిగించినా చుక్క చుక్క కారేది. ఆ తడికి దాని కింద తోటకూర మొలిచింది. నగేష్ పప్పులోకి అప్పుడప్పుడు కోసుకుపోయేవాడు.

బతుకమ్మకు లత పుట్టింటికి పోయింది. ఆ రోజుల్లోనే గోదాములో ఆయుధపూజ ఏర్పాట్లు మొదలయ్యాయి. స్వరాజ్యలక్ష్మికి ఆయుధపూజ అంటే ప్రాణం. మిల్లులో ఉన్నప్పుడు కాటాలూ బోరింగులూ అన్నీ రంగులేసి, పసుపు పెట్టి, కళకళలాడించేది. "పాడుబడ్డట్టు ఈ ట్యాంకులేంది? అన్నిటికీ వెండి రంగు వేయించు" అని కొడుక్కి చెప్పింది. ఇనుప జాలీకి రంగేసేటప్పుడు డబ్బాకు అంటకూడదని నగేష్ డబ్బాలన్నిటినీ బయటికి తీశాడు. సబ్బు పెట్టి తోమి ఎండకు పెట్టాడు. వెనకున్న కుంటిదాన్ని మాత్రం ఎందుకు వదలాలి, పండగ దానికీ పండగే కదా అని దాన్నీ తీసుకొచ్చి రంగు వేశాడు. రంగు ఆరాక ఏ జాలీకి దగ్గర్లో ఉన్న డబ్బాను ఆ జాలీలో పెట్టేశాడు. అన్నీ ఒకే కొలత. ఏది ఎందులోదో అతను చూసుకోలేదు. చూడాలని అతనికి తట్టలేదు కూడా. కుంటిదాన్ని మళ్ళీ షెడ్డు వెనక్కి చేర్చి నీళ్ళు నింపాడు. దసరానాడు స్వరాజ్యలక్ష్మి నిచ్చెన ఎక్కి, ఒక్కో మూత చుట్టూ దట్టంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పని. కోదాడ అవతల ఒక ఫ్యాక్టరీకి ఎనిమిది ట్యాంకుల హైడ్రోక్లోరిక్ యాసిడ్ మధ్యాహ్నంలోపు చేరాలి. లత వచ్చి చూస్తే ట్యాంకులన్నీ వెండి గిన్నెల్లా మెరిసిపోతున్నాయి. రేకుల మీద వెండి రంగు, అచ్చుల మీద పసుపు ముద్ద. ఆమె కొబ్బరి పీచు తీసుకుని ఒక రేకు గీకబోయింది.

అప్పుడే ప్రసాదం పంచడానికి వచ్చిన స్వరాజ్యలక్ష్మి చూసింది. "అయ్యో, పూజ చేసిన తెల్లారే గీకుతరా బిడ్డా? ఇయ్యాల ఏకాదశి. రేపు తుడుద్దువు గానీ."

"ముద్రలు సూడాలె అమ్మా."

ప్రేమ్‌కుమార్ నవ్వాడు. "నీకు ముద్రలెందుకు లతా? మొఖాలు తెలుసు గద."

ఆ మాటతో పీచు కింద పడేసింది. పెద్దావిడ మాట కాదనలేక అని తర్వాత తనకు తానే చెప్పుకుంది గానీ, అది సగం అబద్ధం. రంగు వేసినా తన మంద తనకు తెలుసని అందరి ముందూ చూపించుకోవాలనిపించింది. అదీ అసలు నిజం. వంపులు చూసి, అతుకులు చూసి, "పొట్టిది, నల్లకాళ్ళది, చుక్కది..." అంటూ ఎనిమిదింటినీ వేలుపెట్టి చూపించింది. పండగ పూట ఆలస్యమైందని వాసన చూడలేదు, మెడలు తడమలేదు. నగేష్ నింపాడు. నింపాక కాసేపు నేల మీద నిలబెట్టి చూసే అలవాటు కూడా ఆ రోజు పక్కకు పోయింది.

సతీష్ జేబులో నిన్నటి జమ్మి ఆకు పెట్టుకుని లారీ ఎక్కాడు. "పోయొస్త" అన్నాడు. "ఫోనెత్తకు" అంది లత, రోజూ అన్నట్టే. యాసిడ్ లోడు మీద ఉన్నప్పుడు ఫోను సంచిలో పెట్టి, ఎవరు చేసినా తీయకూడదని వాళ్ళిద్దరికీ ఒప్పందం. ఆ నియమం పెట్టింది లతే.

లారీ పోయాక ఆమె చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి పోయింది. కుంటిది ఎప్పటిచోటే ఉంది. కుళాయి కింద తోటకూర వాడి నేలకు వాలిపోయింది. లత చెయ్యి చాపి మన్ను ముట్టుకుంది. పొడిగా ఉంది. నెల రోజులుగా ఒక్కనాడు కూడా ఆరని నేల అది.

కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. కట్టేస్తే ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా కారలేదు.

కుంటిది నయమైందా అని ఒక్క క్షణం పిచ్చిగా అనుకుంది. మరుక్షణం జాలీ ఎక్కి, మూత పక్కన పసుపును కొంగుతో తుడిచింది. గుండ్రటి అచ్చు బయటపడింది. రెండేళ్ళ కింద పుట్టిన డబ్బా. అది చుక్కదాని డబ్బా.

చుక్కదాని డబ్బా ఇక్కడుంటే, చుక్కదాని జాలీలో పోయిందేమిటి? పగిలిన కుంటిదాని డబ్బానే పొద్దున లారీ ఎక్కించింది లత. తోలు కప్పుకున్న పిల్లను చూసి తన పిల్లే అనుకుంది. చిన్నప్పుడు ఆ తోలును జారకుండా పట్టుకుని కూర్చున్న చేతులు ఇవే.

సతీష్‌కు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. ఎత్తడు. ఎత్తవద్దని ఒట్టు పెట్టించుకుంది తనే కదా. ఇంకోసారి చేస్తూ చేస్తూనే ఏడ్చింది.

ప్రేమ్‌కుమార్ ముందుకు పోయి నిలబడినప్పుడు మాత్రం ఏడుపు మింగేసింది. "సేటూ, నేను తప్పు సూసిన. గడువు దీరిన డబ్బా లారీల పోయింది. మెడ పగిలినది. ఎనకకు తేవాలె."

ప్రేమ్‌కుమార్ ముఖం పాలిపోయింది. "కారుతుందా?"

"నీళ్ళకే కారేది. యాసిడ్ నీళ్ళకన్న బరువాయె. గతుకుల మీద ఏమైతదో."

"కోదాడకు గంట తొవ్వ. అక్కడ దించేదాంక ఆగదంటవా?" అన్నాడు. అని, తన మాట తనకే నచ్చక తల పట్టుకున్నాడు. "వాళ్ళకేం చెప్పాలె? నగేష్ డబ్బాలు కలిపేసిండని చెప్దాం."

నగేష్ అక్కడే ఉన్నాడు. చేతిలోని పైపు కింద పెట్టాడు.

"కలిపింది నగేషే" అంది లత. "కానీ ఈ ఎనిమిది పోవచ్చని వేలు పెట్టి చూపించింది నేను. దాన్ని నా మొగని లారీ ఎక్కిచ్చింది నగేష్ కాదు."

మునగాల దగ్గర రోడ్డు పక్కన గోపాల్ టీ హోటల్‌లో సతీష్ ఏనాడూ ఆగకుండా పోడు. లత గోపాల్‌కు ఫోను చేసింది. "ఇంకా రాలేదక్కా. వస్తే ఆపుతాలే, కంగారు పడకు" అన్నాడు గోపాల్. ఆయనది కోదాడ వైపు ఊరు, మాట కాస్త ఆంధ్రా వైపు మొగ్గుతుంది.

పికప్ బండిలోకి సున్నం బస్తాలు, చేతి పంపు, తొడుగులు, ముక్కు మాస్కులు ఎక్కించారు. యాసిడ్ మార్చడానికి ఖాళీ ట్యాంకు కావాలి. నగేష్ పెళ్ళికూతురు దగ్గరికి పోయాడు. "ఆగు" అని లత కొబ్బరి పీచు అందుకుని రేకు మీది రంగు గీకింది. జాలీ ఎక్కి పసుపు తుడిచింది. రేకును పైకి చదివింది. అచ్చును పైకి చదివింది. రెండూ కలిశాయి. అప్పుడు ఎక్కించమంది. స్వరాజ్యలక్ష్మి ప్రసాదం గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆ గీకుడు చప్పుడు వింటూ అక్కడే నిలబడింది.

బండి చివ్వెంల దాటుతుండగా గోపాల్ నంబరు నుంచి ఫోను. మాట్లాడింది సతీష్.

"ఏందే, నేను ఫోనెత్తకపోతే హోటలోనికి చేస్తున్నవా? చాయ్ తాగనియ్యవా?"

"చుక్కది ఏ మూలకుంది?"

గొంతు వినగానే సతీష్ నవ్వు ఆపేశాడు. "ఎడమ దిక్కు, ఎనకాల."

"దగ్గరికి పోకు. దూరం నుంచి దాని కింద సూడు."

ఫోనులో అడుగుల చప్పుడు వినపడింది. "తడిగుంది. లారీ రేకు మీద పొగ లెక్క లేస్తుంది. నేను తాకి సూస్త..."

"తాకకు! గాలి ఎటునుంచొస్తే అటు నిలబడు. హోటల్ కాడ మంది ఉన్నరా?"

"ఉన్నరు. బస్సొకటి ఆగింది. పిల్లలు దిగుతున్నరు."

అప్పుడు లత అనాల్సిన మాట ఒకటుంది. జీవితంలో ఏ మాటకూ ఆమెకు అంత కష్టం కాలేదు. లారీ దిగి దూరంగా పారిపొమ్మని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెప్పలేకపోయింది. "మూతికి తడిబట్ట కట్టుకో. లారీని మెల్లగ ముంగటికి తీస్కపోయి, ఇండ్లు లేని ఖాళీ జాగల పెట్టు. పెట్టి దిగి దూరం పో. మేం వస్తున్నం."

"సరే" అన్నాడు సతీష్. ఎందుకని అడగలేదు.

పక్కన బండి నడుపుతున్న ప్రేమ్‌కుమార్ హారను మీదినుంచి చెయ్యి తీయలేదు. సేటుకు కూడా భయం ఉంటుందని ఆ రోజు తెలిసింది ఆమెకు.

వాళ్ళు చేరేసరికి లారీ మునగాల దాటాక ఒక బీడు అంచున నిలబడి ఉంది. సతీష్ గాలికి ఎదురుగా, కాలవ పక్కన కూర్చుని, కుడి చెయ్యి నీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు. తాకవద్దన్నా తాకాడు. లారీ ఆపాక కుళాయి మెడ నుంచి ధార పెరుగుతుంటే, ఉట్టి చేత్తోనే కుళాయి మూత బిగించబోయాడు. అరచెయ్యి ఎర్రగా కమిలి పొక్కులెక్కింది.

"తాకొద్దన్న గద!" అని అరిచింది లత.

"రోడ్డు దిక్కు పారుతుండె" అన్నాడు సతీష్, తప్పు చేసిన పిల్లాడిలా. "యాసిడ్ పడితే నీళ్ళల్ల పెట్టమని ఎప్పుడూ నువ్వే చెప్తవ్ గద, పెట్టిన."

ఆమె ఏడుస్తూ కూర్చోవడానికి వ్యవధి లేదు. మాస్కు కట్టుకుని, తొడుగులు వేసుకుని నగేష్‌తో కలిసి పంపు పెట్టింది. కుంటిదాని డబ్బాలోని యాసిడంతా పెళ్ళికూతురిలోకి ఎక్కించారు. కారినచోట సున్నం చల్లితే అది బుసబుసమని పొంగి చల్లారింది. తర్వాత మిగిలిన ఏడు ట్యాంకుల పసుపూ తుడిచి, రంగూ గీకి, ఒక్కోటీ చదివింది. ఇంకో రెండింటి డబ్బాలు కూడా ఒకదాని జాలీలోకి ఒకటి మారిపోయి ఉన్నాయి. గడువు లోపలివే. అయినా ఆ రెండింటినీ అలా పంపనంది. ప్రేమ్‌కుమార్ సరేనన్నాడు. కోదాడకు తానే ఫోను చేసి, ఇవాళ ఆరు ట్యాంకులే వస్తాయనీ, తమ దగ్గర తప్పు జరిగిందనీ చెప్పాడు. నగేష్ పేరు ఎత్తలేదు. గోదాము నుంచి రప్పించిన రెండో లారీలోకి ట్యాంకులు మార్చుకోవడంతో పొద్దు వాలింది.

అంతకంటే ముందే లత సతీష్‌ను కోదాడ దవాఖానాకు తీసుకుపోయింది. కట్టు కట్టి, కొన్ని వారాలు స్టీరింగు పట్టవద్దన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక, అప్పటిదాకా గొంతులో ఆపుకున్నదంతా బయటపడింది.

"నేనే ఎక్కిచ్చిన నీకు. రేకు సూడలే, అచ్చు సూడలే. నలుగురు మెచ్చుకుంటరని వేలు పెట్టి చూపిచ్చిన. నువ్వన్న సూసుకోవద్దా?"

సతీష్ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు వింతగా చూశాడు. అతనికి ఆ ప్రశ్నే కొత్తగా తోచింది.

"ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న సూసిన్నా? నువ్వు పెట్టినవంటే నేనెందుకు సూస్త? పక్కోళ్ళు నింపిన లోడయితే నాలుగు దిక్కులు తిరిగి సూసి ఎక్కుత. నీదయితే సూడకుంట తాళం తిప్పుత."

అతను ఆ మాట ఆమెను ఊరడించడానికే అన్నాడు. కానీ లతకు అది యాసిడ్ కంటే ఎక్కువ మండింది. ఇన్నాళ్ళూ అతను ధైర్యంగా తిరుగుతున్నది తనను నమ్మి. ఆ సంగతి తనకు తెలియకపోలేదు. అయినా పొద్దున వేలు చాపినప్పుడు గుర్తుకు రాలేదు.

మర్నాడు లత గోదాముకు వచ్చేసరికి స్వరాజ్యలక్ష్మి చీర కొంగు నడుముకు దోపుకుని, కిరోసిన్ గుడ్డతో రేకుల మీది వెండి రంగు తుడుస్తూ కనిపించింది. నగేష్ పక్కన నిలబడి అచ్చులు కడుగుతున్నాడు. లత గుడ్డ తీసుకోబోతే ఆవిడ ఇవ్వలేదు.

"వద్దన్నది నేను. నేనే తుడుస్త" అంది. కాసేపాగి, "అల్లుని చెయ్యి ఎట్లుంది?" అని అడిగింది. ఇక మీద పసుపూ కుంకుమా గోదాము గేటుకే పెడతానంది. కుంటిదాని డబ్బాకు ఆ పూటే బొక్క కొట్టించారు. లత ఆ పని చేయించేటప్పుడు నగేష్ ఈసారి బతిమాలలేదు.

నాగయ్య అల్లుణ్ణి చూడటానికి తుంగతుర్తి నుంచి వచ్చాడు. సంగతంతా బిడ్డ నోటనే చెప్పించుకుని విన్నాడు. ఆఖరున, "తోలు కప్పినా గొర్రె ఊరికె పాలియ్యదు బిడ్డా. పిల్ల తాగబోయిన ప్రతిసారి మూతి పెట్టి వాసన సూస్తది" అన్నాడు. లతకు ఆ సంగతి గుర్తులేదు. గొర్రె వాసన చూడటం ఒక్కసారే గుర్తుంది.

దీపావళి పోయాక సతీష్ మళ్ళీ పనిలోకి వచ్చాడు. అరచేతిలో తోలు కొత్తగా, గులాబీ రంగులో, ముడతలు పడి ఉంది. ఆ రోజు మిర్యాలగూడకు లోడు. లత వాసన చూసి, మెడలు తడిమి, రెండు ముద్రలూ చదివి, నింపించి, కాసేపు నేల మీద నిలబెట్టి ఎక్కించింది. చుక్కది అనీ పొట్టిది అనీ ఒక్క పేరూ ఆమె నోట రాలేదు. సతీష్ తాళం కోసం చెయ్యి చాపాడు.

"ఎక్కి సదువు" అంది లత.

"నువ్వు సదివినవ్ గద?"

"నేను సదివిన్నని నువ్వు సదవకుంట పోవద్దు. రేకు సదువు, లోపలి అచ్చు సదువు. పైకి సదువు, నాకు ఇనపడాలె."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో "మొగని మీద కోపమేమో" అనబోయి, లత మొహం చూసి ఆపేశారు. సతీష్ గొణుక్కుంటూ లారీ ఎక్కి, ఒక్కో ట్యాంకు దగ్గరా వంగి, కొత్త తోలు వచ్చిన చేత్తో అచ్చు తడిమి, నెలా ఏడాదీ బడిపిల్లాడిలా గట్టిగా చదివాడు. ఆఖరుదాని దగ్గరికి వచ్చేసరికి విసుగేసి, "ఇది కూడ అంతే, మంచిదే" అని కిందికి దూకాడు.

లత తాళం గుప్పిట్లోనే పట్టుకుని నిలబడింది. ప్రేమ్‌కుమార్ గడియారం చూసుకుంటున్నాడు. గేటు తెరిచే ఉంది. ఆమె గుప్పిట విప్పలేదు.

సతీష్ ఆమె గుప్పిట వైపు చూశాడు. ఆమె ముఖం వైపు చూశాడు. తర్వాత మళ్ళీ లారీ ఎక్కి, ఆఖరు ట్యాంకు మీదికి వంగి, మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.